1970 రోడ్ రన్నర్: "17 లో ఒకటి" అన్నారని 38 వేలు పెట్టొచ్చా?

తమ్ముడూ, నీ వయసు 34 అన్నావు కాబట్టి నువ్వు అనేస్తున్నా, ఏమనుకోకు. నువ్వు అడిగింది ఇదీ: ఒహాయోలో నీ కొలీగ్ వాళ్ల నాన్న దగ్గర 1970 ప్లిమత్ రోడ్ రన్నర్ ఉంది, 1986 నుంచి రేకుల షెడ్డులో పడుంది, 383 (క్యూబిక్ అంగుళాల సైజు) ఇంజన్, ఆటోమేటిక్, పచ్చ రంగు, పైన నల్ల వైనల్ టాప్ (రూఫ్ మీద రెక్సిన్ లాంటి తొడుగు), మీటర్లో 61 వేల మైళ్లు. 38 వేల డాలర్లు అడుగుతున్నాడు. "ఇలాంటివి 17 మాత్రమే చేశారు, నెంబర్స్ మ్యాచింగ్, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అంటున్నాడు (నెంబర్స్ మ్యాచింగ్ అంటే కారుతో పుట్టిన ఇంజనే ఇంకా ఉందని). అది నిజమా, ఎంత పెట్టొచ్చు, కొన్నాక రీస్టోర్ చేయించాలా. మీ ఆవిడ "ఆ తుక్కు ఇంటికి తెస్తే నేను ఇండియా వెళ్లిపోతా" అందట, దానికి నా దగ్గర సమాధానం లేదు, మా ఇంట్లో కూడా ఇంతే.

ముందు క్లుప్తంగా చెప్పేస్తా. 17 అన్న నెంబర్ని మర్చిపో, దానికి పది డాలర్లు కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. కారుని మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే నువ్వు పెట్టిన ఫోటోల్లో ఆయన గొప్పగా చెప్పుకుంటున్న వాటికన్నా ఆయన అసలు చెప్పని విషయాలే బాగున్నాయి. ఎలాగో చెప్తా, కాస్త పెద్దగానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చో.

నేను డెట్రాయిట్ పక్కన ఉండబట్టి 26 ఏళ్లయింది, ఉద్యోగం ఆటో సప్లయర్ కంపెనీలో, పిచ్చి మాత్రం పాత మోపార్ కార్ల మీద, అంటే ప్లిమత్, డాడ్జ్ లాంటి క్రైస్లర్ కంపెనీ కార్లు. అంతకన్నా ముందు, మా మేనమామకి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది, వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి నాకు. మామయ్య సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ చూడ్డానికి వెళ్తే ముందు బానెట్ ఎత్తేవాడు కాదు, చక్రం పైన రేకు మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ కారు చుట్టూ ఒక రౌండ్ తిరిగేవాడు. రేకైతే టంగ్ మంటుంది, లప్పం ఉంటే డబ్ మంటుంది. పదేళ్ల వయసులో నేర్చుకున్న ఈ విద్య 2009 లో సరిగ్గా అవసరమైన రోజు నాకు గుర్తు రాలేదు. ఒకాయన దగ్గర 1970 రోడ్ రన్నరే కొన్నాను, ఈవీ2 టోర్ రెడ్, పేరుకి రెడ్ కానీ చూడ్డానికి నిప్పులాంటి ఆరెంజ్, ఎండలో నిలబెడితే కళ్లు చెదిరిపోయేవి. "ఫ్రెష్ రీస్టోరేషన్" అన్నాడు, నేను పడిపోయాను. రెండో చలికాలానికి వెనక చక్రాల పైన పెయింట్ పొక్కులొచ్చాయి, గీకి చూస్తే లప్పం అంగుళం మందం. డాష్ బోర్డు విప్పితే లోపల రేకు మీద ఆరెంజ్ కాదు, ముదురు పచ్చ. అంటే నీ కారు రంగే, ఈఎఫ్8 ఐవీ గ్రీన్. ఫెండర్ ట్యాగ్ (ఫ్యాక్టరీలో ఆ కారు కోడ్లు కొట్టి బిగించే రేకు) కొత్తగా కొట్టించింది, డూప్లికేట్. ఆ కారు అమ్మేసరికి నాకు ఎంత పోయిందో మా ఆవిడకి ఇప్పటికీ పూర్తి లెక్క చెప్పలేదు. అందుకే ఇప్పుడు చెప్పేవన్నీ డబ్బులు కట్టి నేర్చుకున్నవి అనుకో.

సరే, ఆ "17 లో ఒకటి" సంగతి. 1970 లో రోడ్ రన్నర్లు మొత్తం 40 వేలకి పైనే చేశారు, వాటిల్లో చాలా మటుకు 383 లే, ఎందుకంటే అది దాంట్లో స్టాండర్డ్ ఇంజన్, మామూలు కుర్రాడు జీతం మీద కొనుక్కోవాలనే ఆ కారు తెచ్చారు. మరి 17 ఎక్కడినుంచి వచ్చింది? రంగుకి ఒక కోడు, సీటు గుడ్డకి ఒక కోడు, వైనల్ టాప్, రేడియో, యాక్సిల్, అద్దం, ఇలా ఆప్షన్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఏ కారైనా చివరికి పదిలో ఒకటో అసలు ఒకే ఒకటో అయిపోతుంది. నీ ఇంటి ముందు నిలబెట్టిన క్యామ్రీని కూడా అలా లెక్కేసి "4 లో ఒకటి" చెయ్యొచ్చు. పైగా క్రైస్లర్ వాళ్ల దగ్గర 1970 కార్లకి అలా కారు వారీగా రికార్డులే అందుబాటులో లేవు (దీని గురించి కింద చెప్తా), ఇక 17 అని ఎవరు లెక్కపెట్టారు? ఆయన అబద్ధం చెప్తున్నాడని కాదు, ఎవరో చెప్తే నమ్మి ఉంటాడు.

నిజంగా అరుదు అంటే ఎలా ఉంటుందో చూడు. అదే 1970 రోడ్ రన్నర్‌లో 426 హెమీ ఇంజన్‌తో వచ్చినవి 150 దాకా అంతే. 1969 పాంటియాక్ జీటీఓ జడ్జ్ కన్వర్టిబుల్ 108. 1969 జడ్ఎల్1 కమారో 69. 1971 ప్లిమత్ హెమీ బారకుడా కన్వర్టిబుల్ అయితే అమెరికాలో అమ్మినవీ బయటికి పంపినవీ కలిపి 11, అందులో ఒకటి 2014 లో సియాటిల్‌లో మీకమ్ వేలంలో 35 లక్షల డాలర్లకి పోయింది. వీటన్నిటిలో ఒక సంగతి గమనించు, తక్కువ చెయ్యడం ఒక్కటే కాదు, అందరూ కావాలనుకునే ఇంజన్, అందరూ కావాలనుకునే బాడీ. ఎవరికీ అక్కర్లేక తక్కువ అమ్ముడైనవి కూడా తక్కువే ఉంటాయి కదా, బెంచ్ సీటు, కాలమ్ షిఫ్ట్, గోధుమ రంగు, వాటిని "అరుదు" అంటే తప్పు కాదు కానీ కొనేవాడే అరుదు.

ఇప్పుడు నీ ఫోటోలకొద్దాం. అన్నిటికన్నా మంచి ఫోటో ఫెండర్ ట్యాగ్‌ది, డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ మీద రెండు స్క్రూలతో బిగించిన ఆ చిన్న రేకు ముక్క. దాన్ని కింది వరస నుంచి పైకి చదవాలి, చాలామంది మనం పుస్తకం చదివినట్టు పైనుంచి మొదలుపెట్టి తికమక పడతారు. నీ దాంట్లో కింది వరస ఈ63, డి32, తర్వాత ఆర్ఎం23, ఎన్0ఏ. ఈ63 అంటే 383 ఫోర్ బ్యారెల్ కార్బురేటర్ హై పెర్ఫార్మెన్స్, 335 హార్స్ పవర్ది. డి32 హెవీ డ్యూటీ ఆటోమేటిక్. ఆర్ఎం23 లో 23 అంటే హార్డ్ టాప్, అదే 21 ఉంటే కూపే, 27 ఉంటే కన్వర్టిబుల్. ఎన్ మళ్లీ అదే 383, 0 అంటే 1970, ఏ అంటే డెట్రాయిట్‌లోని లించ్ రోడ్ ప్లాంటు, 1981 లో మూసేశారు దాన్ని. ఎన్ బదులు ఆర్ ఉంటే హెమీ, వి ఉంటే 440 సిక్స్ బ్యారెల్, అప్పుడు మనం మాట్లాడుకునే లెక్కే వేరు. షెవర్లేకి ఇలా ఉండదు, 1972 దాకా విన్‌లో (కారు గుర్తింపు నెంబరులో) ఏ వీ8 ఇంజనో చెప్పే అక్షరమే లేదు, అందుకే నకిలీ ఎస్ఎస్ షెవెల్‌లు వీధికొకటి కనిపిస్తాయి, మోపార్ వాళ్లం ఆ విషయంలో అదృష్టవంతులం.

రెండో వరసలో ఈఎఫ్8, అంటే రంగు ఐవీ గ్రీన్, కారు కూడా అదే రంగులో ఉంది, సంతోషం. అదే వరసలో బి18 అని ఉంది చూశావా, అది కారు తయారు కావాల్సిన తేదీ. 1 నుంచి 9 దాకా నెలలు అంకెలే, ఏ అంటే అక్టోబర్, బి నవంబర్, సి డిసెంబర్. కాబట్టి 1969 నవంబర్ 18. ఇది గుర్తు పెట్టుకో, ఇంజన్ దగ్గర పనికొస్తుంది. పై వరసల్లో వి1ఎక్స్, నల్ల వైనల్ టాప్, సరిపోయింది. ఇక ఆయన ఒక్క ముక్క కూడా చెప్పనిది, ఎన్96! అది ఎయిర్ గ్రాబర్, ఇంజన్‌కి బయటి గాలి అందించే ఏర్పాటు. హుడ్ మధ్యలో మూత, డాష్ కింద స్విచ్ నొక్కితే వ్యాక్యూమ్‌తో పైకి లేస్తుంది, పక్కన సొరచేప పళ్ల బొమ్మ. హుడ్ ఫోటోలో దుమ్ము కింద ఆ మూత గీత నాకు కనిపిస్తోంది. ఈ సెటప్ తర్వాత తెచ్చి పెట్టినవి బోలెడు, ట్యాగ్‌లో కోడుతో సహా ఉన్నది వేరు. ఆయన 17, 17 అని జపం చేసే బదులు ఈ ఎన్96 చూపించి ఉంటే నేనే ఇంకో రెండు వేలు ఎక్కువ చెప్పేవాణ్ణి నీకు. నువ్వు మాత్రం బేరం అయ్యేదాకా దాని ఊసెత్తకు.

ట్యాగ్ మీద కూడా అదే పచ్చ పెయింట్ పడి ఉంది, స్క్రూల గాడి మీద కూడా ఉంది, అంటే ఎవరూ విప్పలేదు. నాకు అంటగట్టిన డూప్లికేట్ ట్యాగ్ స్క్రూలు మెరిసిపోతుండేవి, అప్పుడు నాకు "అబ్బ ఎంత శుభ్రంగా ఉంచుకున్నాడో" అనిపించింది, ఏం చెప్పను.

ఇక కాగితాలు. క్రైస్లర్ హిస్టారికల్ వాళ్ల దగ్గర కారు వారీ బిల్డ్ రికార్డులు 1967 మోడల్ దాకే ఉన్నాయి, 1968 నుంచి లేవు. పాంటియాక్ అయితే పీహెచ్ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) వాళ్లకి విన్ పంపి ఫీజు కడితే అసలు ఇన్వాయిస్ కాపీ పంపిస్తారు, ఫోర్డ్ అయితే 1967 నుంచీ మార్టీ రిపోర్ట్ ఉంది. మనకి ఆ సుఖం లేదు, మనకున్నది బ్రాడ్‌కాస్ట్ షీట్ ఒక్కటే. అసెంబ్లీ లైన్లో ఏ పార్టు బిగించాలో చెప్పే కంప్యూటర్ ప్రింటు, పని అయ్యాక దాన్ని కార్లోనే ఎక్కడో పడేసేవాళ్లు, వెనక సీటు స్ప్రింగుల్లో, ముందు సీటు కింద, కార్పెట్ కింద, గ్లవ్ బాక్స్ పైన, పెట్రోల్ ట్యాంకు మీద. శనివారం వెళ్తున్నావు కదా, ఆయన్ని అడిగి వెనక సీటు కింది దిండు తియ్యి, ముందు వైపు మోకాలితో వెనక్కి గట్టిగా నొక్కి పైకి ఎత్తితే వచ్చేస్తుంది, బోల్టులేం ఉండవు. స్ప్రింగుల మధ్య పసుపు రంగు కాగితం మడత కనిపిస్తే లాగొద్దు. ఫ్లాష్ లైట్ వేసి ముందు ఫోటోలు తీసుకో, తర్వాత కింద అట్ట ముక్క దూర్చి మెల్లిగా ఎత్తు, మడత విప్పే పని అక్కడే పెట్టుకోకు, అప్పడంలా విరిగిపోతుంది. దొరికితే ముందు దాని మీద విన్ చూడు, ఎందుకంటే లైన్లో వాళ్లు పక్క కారు షీటు ఈ కార్లో పడేసిన సందర్భాలు లెక్కలేనన్ని. ఎలుకలు తినేసి ఉంటే చేసేదేం లేదు. షీటు విన్‌తో సరిపోతే ఈ రంగంలో పేరున్న వాళ్ల చేత డీకోడ్ చేయించి పెట్టుకో, రేపు నువ్వు అమ్మేటప్పుడు ఎవరూ నోరెత్తరు.

"నెంబర్స్ మ్యాచింగ్" అన్నది నోటితో చెప్పేది కాదు, వేలు పెట్టి చూపించాల్సింది. 383 బ్లాక్ కింది భాగంలో, ఆయిల్ పాన్ అంచు పైన చదునుగా ఒక చోటు ఉంటుంది, అక్కడ 0ఏ తర్వాత ఆరంకెలు కొట్టి ఉండాలి, అవి డాష్ మీది విన్‌లో చివరి ఎనిమిదితో సరిపోవాలి. నీ ఫోటోలో అక్కడ గ్రీజు మట్టి పేరుకుని ఏమీ కనిపించట్లేదు, అది మంచిదే, యాభై ఏళ్ల మురికిని డూప్లికేట్ చెయ్యడం కష్టం. బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడువు, వైర్ బ్రష్ గానీ సాండ్ పేపర్ గానీ దగ్గరికి రానివ్వకు, నెంబరు అరిగిపోతే తర్వాత నువ్వు ఎన్ని ప్రమాణాలు చేసినా "కొట్టించాడు" అంటారు. గేర్ బాక్స్ మీద కూడా అదే నెంబరు ఉండాలి. తర్వాత ఇంజన్ ముందు పైన, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఎఫ్ 383 హెచ్‌పీ అని స్టాంపు చూడు, ఎఫ్ అంటే 1970. బ్లాక్ మీద పోతపోసిన నెంబరు 2468130 ఉండాలి, దాంతో పాటు పోత తేదీ ఉంటుంది, నెల, రోజు, ఏడాది. ఇందాక బి18 గుర్తు పెట్టుకోమన్నా కదా, పోత తేదీ 1969 నవంబర్ 18 కి ముందు ఉండాలి, ఓ నెల, రెండు నెలలు ముందైతే సంతోషం. 1970 ఫిబ్రవరి అని ఉంటే ఆ ఇంజన్ ఈ కారుతో పుట్టలేదు, అంతే, మళ్లీ చర్చ లేదు. అలాంటప్పుడు వారంటీలో మార్చిన ఇంజన్ అయ్యుండొచ్చు, తప్పేం కాదు, కుర్రాళ్లు వీటిని ఎలా తోలేవాళ్లో తెలిసిందే, కానీ ధర తగ్గాలి.

అవే చివరి అంకెలు రేడియేటర్ పైన అడ్డంగా ఉండే రేకు మీద, డిక్కీ అంచున రబ్బరు కింద కూడా కొట్టి ఉంటాయి. రబ్బరు లేపి చూడు. ఈ రెండూ, బ్లాకూ, డాష్ మీది ప్లేటూ, టైటిల్ (యాజమాన్య పత్రం) కూడా ఒకటే చెప్పాలి. డాష్ ప్లేటు రివెట్లు కదిలించినట్టు కనిపిస్తే నమస్కారం పెట్టి బయటికొచ్చెయ్, విన్ ప్లేట్లతో ఆటలాడటం ఫెడరల్ నేరం, రేపు పోలీసులు కారు తీసుకెళ్తే నీ 38 వేలు ఎవరూ ఇవ్వరు.

తుప్పు దగ్గర మొహమాటపడకు. వైనల్ టాప్ ఉన్న కారు అన్నప్పుడే నాకు భయం, ఆ గుడ్డ కింద నీళ్లు నిలిచి వెనక అద్దం కింది గాడి తినేస్తుంది, అక్కడినుంచి నీళ్లు డిక్కీలోకి, డిక్కీ అడుగు, దాని పక్క మూలలు, వరసగా. అద్దం కింద వైనల్ మీద వేలితో నొక్కితే కరకరమంటే లోపల పని ఉన్నట్టే. తర్వాత కారు కింద పడుకుని టార్షన్ బార్లు వెనక్కి వెళ్లి తగిలే అడ్డ దూలం, వెనక లీఫ్ స్ప్రింగులు ముందు బిగించిన చోటు, ఈ రెండూ స్క్రూ డ్రైవర్ పిడితో కొట్టి చూడు. ఫ్లోర్‌లో చిల్లులు ఉంటే నాకు బాధ లేదు, అవి వెయ్యొచ్చు, ఈ రెండు చోట్లా మెత్తగా ఉంటే మాత్రం అది పెద్ద ఖర్చు. ఒహాయో కాబట్టి రోడ్ల మీద ఉప్పు, 1986 దాకా పదహారు చలికాలాలు తిరిగిందో లేక శీతాకాలం లోపల పెట్టేవాళ్లో అడుగు.

పెయింట్ కోసం ఒక పెయింట్ గేజ్ కొను, వంద డాలర్ల లోపు మంచిదే వస్తుంది. ఫ్యాక్టరీ పెయింట్ ఎక్కడ పెట్టినా మూడు నుంచి ఐదారు మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లోపు చూపిస్తుంది, పది చూపిస్తే మళ్లీ పెయింట్ వేశారు, ముప్పై దాటితే లోపల లప్పం. గేజ్ లేకపోతే మా మామయ్య పద్ధతి ఉండనే ఉంది. అసలు పెయింట్ అద్దంలా ఉండదు, దగ్గర్నుంచి చూస్తే బత్తాయి తొక్కలా చిన్న చిన్న గుంటలుంటాయి, అదే నీకు కావాల్సింది. తలుపు అంచుల్లో, వెనక సీటు కింద, డిక్కీ లోపలి వైపు చూడు, అన్నిచోట్లా అదే పచ్చ కనిపించాలి, కింద ఇంకో రంగు కనిపించకూడదు. ఎడమ ముందు ఫెండర్ ఒక్కటే కొంచెం నిగనిగలాడుతోంది నీ ఫోటోలో, ఎప్పుడో చిన్న దెబ్బ తగిలి వేయించి ఉంటారు, అడిగితే చెప్తాడు, ఒక ఫెండర్‌తో కొంపలేం మునగవు.

61 వేల మైళ్లు నిజమా అంటే, ఆ మీటర్లో మైళ్లకి ఐదంకెలే, లక్ష దాటితే మళ్లీ సున్నా. బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు, తలుపు కీలు వదులు, ఇవి చూస్తే 61 కీ 161 కీ తేడా తెలిసిపోతుంది. తలుపు అంచున పాత ఆయిల్ చేంజ్ స్టిక్కర్, గ్లవ్ బాక్స్‌లో పాత రిజిస్ట్రేషన్ చీటీలు, బిల్లులు ఏమున్నా అడుగు, అవి కారుతో పాటు ఇవ్వమను. స్టెప్నీ టైరు చూడు, గుడ్‌ఇయర్ పాలిగ్లాస్ ఎఫ్70-14 ఇంకా నేల మొహం చూడకుండా ఉంటే అది ఒక సాక్ష్యం. ముసలాయన చేత ఆ కారు కథ ఒక పేజీ రాయించి సంతకం పెట్టించు, ఎప్పుడు కొన్నాడు, ఎవరి దగ్గర, ఎందుకు పక్కన పెట్టేశాడు. కాగితం, కథ ఉంటే ఏమవుతుందో 2020 జనవరిలో ఫ్లోరిడాలో చూశాం. స్టీవ్ మెక్వీన్ సినిమాలో నడిపిన 1968 మస్టాంగ్, సొట్టలతో తుప్పుతో అలాగే రీస్టోర్ చెయ్యకుండా వేలానికొచ్చి కమీషన్‌తో కలిపి 37 లక్షల డాలర్లు దాటింది, 1974 లో ఆ కుటుంబం దాన్ని 6 వేలకి కొన్నది. నీ కారుకి ఏ హీరో ఎక్కలేదులే, కానీ సూత్రం అదే.

ధరకొద్దాం. అందరూ హ్యాగర్టీ వాళ్ల పాత కార్ల ధరల పుస్తకం తెరిచి 1 నుంచి 4 దాకా కండిషన్ చూసి ఏదో అంకె చెప్తారు, 1 అంటే పోటీకి పెట్టే కారు, 4 అంటే నడుస్తుంది కానీ లోపాలు కనిపిస్తాయి. నీ కారు ఆ నిచ్చెనలో ఇమడదు. పెయింట్ వెలిసింది కాబట్టి పైకి 4 లా ఉంటుంది, కానీ ఎవరూ కెలకలేదు కాబట్టి తెలిసినవాడు 3 కి ఇచ్చే డబ్బు ఇస్తాడు. తెలియనివాడు ఇవ్వడు. అంటే నీకు రేపు కొనేవాళ్లు తక్కువమంది ఉంటారు, వాళ్లు మాత్రం గట్టివాళ్లు. అలాగని ఒరిజినల్ అన్న మాటకి హెమీ కారులో వచ్చినంత అదనపు రేటు 383 ఆటోమేటిక్‌లో రాదు. ఆటోమేటిక్ కాకుండా ఫోర్ స్పీడ్, పిస్టల్ గ్రిప్ షిఫ్టర్ ఉండుంటే ఇంకో మెట్టు. రంగు లైమ్‌లైట్ గానీ ఇన్ వయొలెట్ గానీ అయితే మరో మెట్టు. ఐవీ గ్రీన్ అందరికీ నచ్చే రంగు కాదు, నాకు ఇష్టం, నా ఇష్టం మార్కెట్ కాదు కదా.

నేనైతే ఇలా చూస్తా. బ్లాక్ నెంబరు సరిపోలేదు, షీటు దొరకలేదు, వెనక అద్దం కింద తుప్పుంది, అప్పుడు అది మామూలు ప్రాజెక్ట్ కారు, 22 వేలు దాటను. నెంబరు సరిపోయింది, అడుగు గట్టిగా ఉంది, షీటు లేదు, 27 నుంచి 29. నెంబరు, షీటు, ఒరిజినల్ పెయింట్ మూడూ తేలితే 32 దాకా వెళ్తా, అదీ ఎన్96 ఉంది కాబట్టి. 38 మాత్రం ఎటు తిప్పి చూసినా రాదు, అది టీవీలో వేలం చూసి చెప్పిన రేటు, వేలంలో మెరిసే కారు రేటుకీ షెడ్డులో ఉన్న కారు రేటుకీ మధ్య బ్రేకులు, టైర్లు, పెట్రోల్ ట్యాంకు, కార్బురేటర్, వైరింగ్ అన్నీ ఉంటాయని ఆయనకి గుర్తు చెయ్యి. గౌరవంగానే చెప్పు. ఇవన్నీ చూసుకున్నాక నగదు బదులు బ్యాంకు చెక్ రెడీగా ఉందని చెప్తే చాలామంది పెద్దవాళ్లు మెత్తబడతారు, పైగా ఆ కారు ఎవరి చేతికి వెళ్తుందో వాళ్లకి ముఖ్యం. "హాట్ రాడ్ చెయ్యను, ఇలాగే ఉంచుతా" అన్న ఒక్క మాటకి నా ఇప్పటి కారు మీద పద్దెనిమిది వందలు తగ్గాయి.

ఆ మాట నిజంగానే అను, ఎందుకంటే రీస్టోర్ చెయ్యాలా అన్న నీ మూడో ప్రశ్నకి నా సమాధానం వద్దు అనే. బాడీ మొత్తం విప్పి తిరగేసి చేసే రీస్టోరేషన్ వెయ్యి గంటల పని, గంటకి వంద డాలర్లు వేసుకున్నా లక్ష, పార్టులు వేరే. లక్షా ముప్పై పెట్టి చేసిన 383 ఆటోమేటిక్‌ని అమ్మితే అందులో సగం వస్తే గొప్ప. ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అంటారు, పాత కారు రీస్టోర్ చేసి చూడు అని కూడా కలపాలి. డబ్బు సంగతి పక్కన పెట్టు. ఇవ్వాళ ఈ బాడీకి దొరకని రేకు లేదు, క్వార్టర్ ప్యానెళ్లు, ఫ్లోర్లు, సీటు కవర్లు, స్టిక్కర్లు, "వాయిస్ ఆఫ్ రోడ్ రన్నర్" అని రాసున్న హారన్‌తో సహా అన్నీ కొత్తగా కొనొచ్చు, కాటలాగ్ ముందు పెట్టుకుని డబ్బుంటే ఎవడైనా ఒక మెరిసే రోడ్ రన్నర్ తయారు చేస్తాడు. కొనలేనివి ఏమిటంటే, ఫైర్ వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య అడ్డు రేకు) మీద లైన్లో ఎవరో చాక్‌పీస్‌తో గీసిన టిక్కు, స్టీరింగ్ బాక్స్ మీద చెకింగ్ అయిందని పెట్టిన పసుపు చుక్క, ఫ్లోర్ కింద హడావుడిగా కొట్టిన పెయింట్ తుంపర. నీ ఆరో ఫోటోలో ఫైర్ వాల్ మీద తెల్లగా ఏదో రాసి ఉంది చూశావా, జూమ్ చెయ్యి. లక్షా ముప్పై పెట్టి చేసే రీస్టోరేషన్‌లో మొదటి రోజు మొదటి గంటలో పోయేది అదే. ఫ్లోర్‌కి చిల్లులుంటే అంతవరకే వెయ్యించు, విప్పిన ప్రతి పాత పార్టు సంచిలో పెట్టి చీటీ రాసి దాచు. చికాగో పక్కన రోజ్‌మాంట్‌లో ప్రతి నవంబర్లో మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్ జరుగుతుంది, ఒకసారి రా, షెడ్లలోంచి దుమ్ముతో సహా తెచ్చిన కార్ల చుట్టూ ఎంత గుంపు ఉంటుందో, పక్కన అద్దంలా మెరిసే కార్ల దగ్గర ఎంతమంది ఉంటారో నువ్వే చూద్దువు గాని.

కొన్నాక ఆవేశంలో బ్యాటరీ తగిలించి స్టార్ట్ చెయ్యకు. పాత పెట్రోల్ మొత్తం తీసెయ్, ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో కాస్త నూనె పోసి రెండు మూడు రోజులు వదిలెయ్, ముందు క్రాంక్ బోల్ట్‌కి పొడుగు పానా వేసి చేత్తో తిప్పు, తిరిగితేనే తర్వాత సంగతి. ఎలుకల గూళ్లు ఉంటాయి, మాస్కు, గ్లవ్స్ లేకుండా దులపొద్దు, ఇది సరదాకి చెప్పట్లేదు, ఆ రెట్టల దుమ్ము ప్రమాదం. ఇన్సూరెన్స్ మాత్రం మామూలుది కాకుండా అగ్రీడ్ వాల్యూ, అంటే ముందే ఒప్పుకున్న ధర ఇచ్చేది తీసుకో.

శనివారం వెళ్లేటప్పుడు గేజ్, ఫ్లాష్ లైట్, బ్రేక్ క్లీనర్, పాత గుడ్డలు, పడుకోడానికి అట్ట తీసుకెళ్లు. బ్లాక్ నెంబరు, వెనక అద్దం కింది గాడి, సీటు స్ప్రింగులు, ఈ మూడు ఫోటోలు నాకు అక్కడినుంచే పంపు, నేను ఇంట్లోనే ఉంటా, చూసి చెప్తా, అప్పటిదాకా రేటు మాట్లాడకు. ఇంకోటి, ఈ రాత్రికే ఆయనకి ఫోన్ చేసి చెప్పు, నువ్వొస్తున్నావని ఆ పెద్దాయన శుక్రవారం ప్రెషర్ వాషర్ పెట్టి ఇంజన్ కడిగేస్తాడేమో, వద్దను, దుమ్ముతోనే ఉండనివ్వమను.